కుడి గీత తాకినవి

చినవాల్తేరు మలుపులో, మెస్ వెనక,
తెల్లవారుజామున కరెంటు తీగకు తగిలింది.
దాలినాయుడు బియ్యం సంచిలో చుట్టి తెచ్చేసరికి
ఇంకా వెచ్చగానే ఉంది.
"గుడ్డిదమ్మా. తీగ అగుపించలేదు, పాపం."

నేనేమీ అనలేదు.
ఈతపండంత కళ్ళు, తెరిచే ఉన్నాయి.
ఒక్కో కంట్లో ఒక్కో ట్యూబ్‌లైట్.

ఫార్మలిన్‌లో వారం. పంచదార నీళ్ళలో మూడు రోజులు.
మెదడు మొదట తేలుతుంది,
తీపి పట్టాక మునుగుతుంది.
జాడీలో ఉసిరికాయల్ని అమ్మ ఇలాగే
మూత తీసీ పెట్టీ కనిపెట్టుకుని ఉండేది.

నడిమెదడు మీద రెండు చిన్న గుట్టలు.
ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, గుట్టల గురించి నాకొకరు చెప్పాలా?
డాల్ఫిన్ నోస్ మీది దీపం రాత్రంతా తిరిగి తిరిగి
మా మేడ గోడను తడిమి పోయేది.
కంట్లో పడిన వెలుగూ అలాగే
ఈ గుట్టల మీదికొచ్చి వాలుతుంది.
పై పొరల్లో చూపు,
దిగేకొద్దీ చప్పుడు, స్పర్శ.
వెంట్రుకలో సగం మందాన
నూటపన్నెండు ముక్కలు కోశాను.

కొన్ని నాడీకణాలు
లోపలికొచ్చిన సున్నాన్ని గుప్పిట్లో పట్టి ఉంచుతాయి.
ఆ గుప్పిటను వెతికే మందు వేస్తే
అవి మాత్రం గోధుమరంగు తేలతాయి.
మా నాయనమ్మ రొంటిన సున్నపుకాయ ఉండేది.
పేటలో ఎవరు ఆకు వేసుకోవాలన్నా ఆవిడ ముందు చెయ్యి చాచాల్సిందే.
ఇచ్చేది గోటికొన మీదంత.
ఎవరికి ఎంతో ఆవిడకే తెలుసు.

ఒకటి నక్షత్రం, చేతులన్నీ తలో దిక్కుకి.
ఒకటి కదురు. నిలువుగా నిలబడి
పైకొక దారం, కిందికొక దారం వదిలింది.
ఒకటి ఉత్త పెసరగింజ.
ఒకటి జాలారిపేట ఇసుకలో మధ్యాహ్నం తెప్పలా
అడ్డంగా పడుకుని ఉంది.
ఇంకొక దాన్ని పుస్తకం బేరిపండు అంటుంది.
నేను సొరబుర్ర అని రాసుకుంటే
మేడమ్ ఎర్రసిరాతో కొట్టేశారు.

లెక్కకు ఒక చట్రం ఉంటుంది.
ఎడమ గీతను, కింది గీతను తాకిన కణం లెక్కలోకి రాదు.
కుడి గీతను, పై గీతను తాకింది వస్తుంది.
ఇదేం న్యాయమని అడిగాను.
"అన్నిటినీ కలుపుకుంటే లెక్క పెరిగిపోతుంది,
అన్నిటినీ తోసేస్తే తగ్గిపోతుంది.
ఎక్కడో ఒకచోట అన్యాయం చెయ్యాలి మరి," అన్నారు.

దాలినాయుడు ఒక కన్ను మూసి
సూక్ష్మదర్శినిలోకి వంగాడు.
"ఈ సుక్కలన్నీ సూపేనా?"
చూపే.
"అయితే గుడ్డిది కాదా?"
కాదు. మసకచీకట్లో నీకన్నా నాకన్నా బాగా చూస్తుంది.
"మరి తీగ?"

తీగ చిటికెనవేలంత కూడా ఉండదు.
అవతల నేరేడు కాపు మీద ఉంది.
ఈ రెండు మాటలూ చెప్పాను, చాలవని తెలుస్తూనే ఉంది.

"సివరాకరికి ఏటి సూసిందో
ఇందులో అగుపిస్తాదేటమ్మా?"

గోధుమరంగు కణాలు నాలుగువందల ముప్పై ఏడు.
వాటి చుట్టూ, వాటికన్నా ఎన్నో రెట్లు,
రంగు పట్టనివి.
నీళ్ళలో నీళ్ళలా ఉన్నాయి.
ఏ మందుకు అవి పలుకుతాయో
ఈ గదిలో ఉన్న సీసాలకు తెలియదు.

ఆరుంబావు అయింది.
సముద్రం మీంచి ఉప్పుగాలి, హార్బర్ వైపు నుంచి చేపల వాసన.
క్యాంపస్ చెట్ల మీంచి మిగతావి బయల్దేరాయి,
తొందర లేకుండా, ఒక్కో రెక్క విదిలింపూ కనిపించేంత నిదానంగా.
కిటికీకీ నాలుగు గీతలున్నాయి.
పెన్సిల్ తీశాను.
ఎడమ ఊచను తాకినవాటిని వదిలేశాను.
ఒకటి సరిగ్గా మూలను తాకింది,
కుడిదీ కిందిదీ ఒకేసారి.

దాలినాయుడు తాళాలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.
"ఎన్నమ్మా?"
ఉండు.